వండిన ఆముదం

సైకిలు తాళం తీసి, గొలుసు చుట్టి బుట్టలో వేస్తూ బ్రహ్మయ్య ఎడమ భుజాన్ని ఒకసారి గుండ్రంగా తిప్పుకున్నాడు. రాత్రి నుంచి ఆ భుజం కింద ఏదో పట్టేసినట్టుంది. గ్యాసయి ఉంటుందని వాము నమిలి పడుకున్నాడు. ఇప్పుడూ బుగ్గన కాసిని వాము గింజలున్నాయి. ఆ అపార్టుమెంటు నేలమాళిగలో అందరి సైకిళ్లూ ఒకదాని మీద ఒకటి వాలి ఉంటాయి. ఆయనది మాత్రం గోడవారన, కట్టేసిన బర్రెలా బుద్ధిగా నిలబడి ఉంటుంది. నవంబరు వచ్చిందంటే జర్మనీలోని ఈ ఎర్లాంగెన్‌లో మంచు పొగ మూలమూలలకూ దూరుతుంది. అందుకని సీటుకు ప్లాస్టిక్ సంచి తొడుగుతాడు.

అరవై దాటిన మనిషి. పొట్టి, మెడ కురచ. చేతులు మాత్రం మనిషికి మించినవి. కుడి మోచెయ్యి దాకా వెంట్రుకలుండవు. తందూరి పొయ్యిలో చెయ్యి పెట్టి రొట్టెలు తీసిన ఏళ్లన్నీ ఆ చర్మం మీద మెరుస్తుంటాయి. హోటలు మూతబడ్డాక పిల్లల ఆసుపత్రిలో రోగుల మంచాలు తోసే పనిలో చేరాడు. మాట తక్కువ. అడిగినదానికి ఒక మాట, అడగనిదానికి ఒక నవ్వు.

పైన తలుపు తెరుచుకున్న చప్పుడైంది.

"బాబాయ్! ఇంకా పోలేదు గదా?"

మేజోళ్లతోనే మెట్లు దిగి వచ్చింది చంద్రిక. కింది అంతస్తులో ఉండే అమ్మాయి, హన్మకొండ పిల్ల. నైటీ మీద చలికోటు వేసుకుంది. జుట్టు ముడి ఊడి భుజం మీద పడుతోంది.

"మీ దగ్గర ఆముదం ఉంటది గదా బాబాయ్? మోకాళ్లకు రాసుకుంటరు చూడండి, అది."

"ఉందమ్మా. ఎవరికి?"

"ధీరజ్‌కు. కడుపునొప్పంటున్నడు. తెల్లారకముందే లేపిండు, ఒకసారి కక్కిండు కూడా. మా అమ్మకు ఫోన్ చేస్తే వేడి చేసిందంది. పచ్చడి తెగ తింటుండు వారం నుంచి. ఆముదం బొడ్డు చుట్టూ రాసి, సబ్జా నీళ్లు తాపమంది."

బ్రహ్మయ్య సైకిలును మళ్లీ గోడకు ఆనించాడు. మూడంతస్తులెక్కి తన గదికి పోయాడు. ఆముదం కిటికీ గూట్లో ఉంటుంది. పాత దగ్గు మందు సీసా. మూత మీద పాలిథిన్ కాగితం, దాని మీద రెండు రబ్బరు బ్యాండ్లు. పొదిలిలో ఆయన చెల్లెలు బాలామణి ఆముదాలు వేయించి, దంచి, నీళ్లలో ఉడకబెట్టి, పైకి తేలిన నూనె తీసి మళ్లీ కాచి పంపుతుంది. కొట్లో దొరికే తెల్లటి నూనె కాదది. కారునలుపు. మూత తీస్తే చాలు, గది గదంతా మాడిన గింజ వాసన.

సీసా పట్టుకుని దిగేసరికి ఊపిరి ఆడలేదు. రెండో అంతస్తులో కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. మెట్లు, అనుకున్నాడు.

చంద్రిక ఇంట్లో లైట్లన్నీ వేసి ఉన్నాయి. ధీరజ్ సోఫా మీద గోడ వైపు తిరిగి, మోకాళ్లు గడ్డానికి చేర్చుకుని పడుకున్నాడు. పదమూడేళ్ల పిల్లాడు. ఈ ఏడే సాగాడు, ప్యాంటు పిక్కల మీదికెక్కింది. దుప్పటి కింద రెండు చేతులూ తొడల మధ్య ఉన్నాయి. తల్లి భుజం మీద చెయ్యి వేయగానే విదిలించాడు.

"లాస్ మిష్, మమ్మీ!"

"చూసిన్రా? ముట్టుకోనియ్యడు. సార్‌కు మీసాలొస్తున్నయ్, అమ్మ ముట్టుకుంటే నామోషీ."

పిల్లాడు లేచాడు. మళ్లీ వాంతి వస్తోంది కాబోలు, బాత్రూము వైపు నడిచాడు. నడుము వంచి, కాళ్లు ఎడం చేసి, ఒక్కొక్క అడుగూ నేలను అడిగి వేస్తున్నట్టుగా. బ్రహ్మయ్య ఆ నడక చూశాడు. 

ఆ నడక ఆయనకు తెలుసు.

"ఎక్కడ నొప్పంటున్నాడమ్మా?"

"కడుపే. ఎక్కడంటే చెప్పడు. కడుపు, కడుపు."

బ్రహ్మయ్య నోరు తెరిచాడు. తన ఊళ్లో దానికున్న మాటలు గుర్తొచ్చాయి. ఒకటి తిట్టు. ఒకటి ఎడ్లను విత్తు కొట్టేటప్పుడు అనేది. పుస్తకాల మాట ఇంకోటుంది, అది తన నోట ఎన్నడూ పలకలేదు. పొద్దున్నే ఒక ఆడపిల్ల ఎదురుగా నిలబడి, ఆ పిల్లాడి కన్నతల్లితో, ఆ మాటలు ఎట్లా అనడం?

"ఆసుపత్రికి తీసుకుపోరాదూ" అన్నాడు.

"పిల్లల డాక్టర్ దగ్గర ఆన్‌లైన్ల టెర్మిన్ దొరికింది బాబాయ్, పదకొండింటికి. కడుపునొప్పి అని ఎమర్జెన్సీకి పోతే కూచోబెడ్తరు పొద్దుందాక. వీని డాడీ ఉంటే కారుల ఎట్లనో పోయేవాళ్లం. ప్రాజెక్టని జీగెన్ పోయిండు, రేపు గాని రాడు."

"ఆఁ" అన్నాడు బ్రహ్మయ్య. సీసా ఆమె చేతిలో పెట్టాడు. "కొంచెం వేడి చేసి రాయమ్మా" అని కూడా అన్నాడు. అన్నాక ఆ మాట ఎందుకన్నానా అనుకున్నాడు. అది తన తల్లి అన్న మాట.

సైకిలు తొక్కుతుంటే మంచులో వీధి దీపాలు గుడ్డ కప్పిన లాంతర్లలా ఉన్నాయి. పక్క నుంచి విద్యార్థులు రయ్‌మని పోతున్నారు. బ్రహ్మయ్య మెల్లగా తొక్కాడు.

ఆయనకు పన్నెండేళ్లప్పుడు వచ్చింది అది. బడి నుంచి వస్తూ చెరుకు తోట గట్టు మీద కూలబడ్డాడు. ఇంట్లో కడుపునొప్పి అన్నాడు. అమ్మ ఆముదం వెచ్చచేసి బొడ్డు చుట్టూ రాసింది, మజ్జిగ పట్టింది. నాన్న చేలో ఉన్నాడు. ఒక రాత్రి గడిచింది, ఒక పగలు గడిచింది. కిందికి చూపించడానికి సిగ్గేసింది. లాగూ తడిపి నొప్పి మీద పెట్టుకుని పడుకున్నాడు. ఒంగోలు పెద్దాసుపత్రికి చేరేసరికి నల్లబడిపోయిందన్నారు. తీసేశారు. డాక్టరు నాన్నకు ఏదో చెప్పాడు. నాన్న ఎంత విన్నాడో, ఎంత విడిచాడో. ఇంటికొచ్చిన నాడు దొడ్లో అమ్మతో గొంతు తగ్గించి అన్న మాట మాత్రం గోడ ఇవతల బ్రహ్మయ్యకు వినబడింది.

"వాడికిక సంసారం లేదు."

అంతే. ఆ మాట మళ్లీ ఎవరూ అనలేదు. అనకుండానే అందరూ దాని ప్రకారం నడిచారు. మేనమామ కూతురు మంగ పుట్టినప్పుడే బ్రహ్మయ్య పెళ్లామన్నారు. పండక్కొస్తే ఇద్దరినీ పక్కపక్కన కూచోబెట్టి నవ్వేవాళ్లు. ఈడొచ్చాక ఆ నవ్వులు ఆగిపోయాయి. మామ ఒకనాడు వచ్చి నాన్నతో అరుగు మీద కూచుని, పొగాకు రేటు మాట్లాడి, వర్షాలు మాట్లాడి, లేచి వెళ్లిపోయాడు. ఆ వేసవిలోనే మంగను కనిగిరి సంబంధానికి ఇచ్చారు. బ్రహ్మయ్య పెళ్లిలో వడ్డన చేశాడు. మంగ విస్తట్లో పప్పు వేసినప్పుడు ఆమె తలెత్తి చూసింది. ఏమైనా అడుగుతుందేమోనని గరిటె పట్టుకుని ఒక్క క్షణం నిలబడ్డాడు. అడగలేదు. అడిగితే చెప్పేవాడేమో. ఆ తర్వాత హైదరాబాదులో మెస్సు, మెస్సులో వంట, వంటతో జర్మనీ.

ఆసుపత్రిలో బట్టలు మార్చుకున్నాడు. లేత నీలం చొక్కా, జేబులో ఫోను. పనులు ఆ ఫోనులోనే వస్తాయి. ఫలానా వార్డు నుంచి స్కానింగుకు, స్కానింగు నుంచి వార్డుకు, ఆపరేషన్ గదుల తలుపు దాకా. ఇక్కడ మంచాన్ని కాళ్లు ముందుకు పెట్టి తోస్తారు, పడుకున్నవాడికి దారి కనబడాలని. మన దగ్గర మనిషిని అట్లా తీసుకుపోయేది ఒక్క రోజే. చేరిన కొత్తలో ఆయనకు ఒళ్లు జలదరించేది. తర్వాత అలవాటైంది. కానీ పిల్లల మంచాలను ఆయన వెనక నుంచి తోయడు. పక్కన నడుస్తూ, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని లాగుతాడు, పిల్లలకు తన ముఖం కనబడేట్టు. గడప పట్టీలు వచ్చినప్పుడు చక్రం కుదుపు తగలకుండా మంచాన్ని కాస్త ఎత్తి పడతాడు. వెచ్చబెట్టే బీరువా నుంచి ఒక దుప్పటి తీసి కాళ్ల మీద కప్పుతాడు. అది ఆయన పనిలో లేదు. ఎవరూ వద్దనలేదు.

కాఫీ మెషీను దగ్గర ఫరీద్ కలిశాడు. మెహిదీపట్నం మనిషి, మత్తుమందు విభాగంలో నర్సు. ఆకుపచ్చ టోపీ, ఎప్పుడూ నవ్వు.

"ఏం బ్రహ్మయ్య సాబ్, ముఖం గట్ల పెట్టిన్రు? సంబంధం తప్పిపోయిందా?"

"ఎప్పుడో తప్పిందిలే."

"మా ఇంటామె హిబా చూస్తనంటుంది మీ కోసం. ఈ దవాఖానల విధవరాళ్లు మస్తుమంది ఉన్నరు. బిర్యానీ వండుతడంటే చాలు, లైను కడ్తరు."

రోజూ అయితే బ్రహ్మయ్య "ముందు నీ పెళ్లాన్ని నీకు వండి పెట్టమను" అనేవాడు. ఇవాళ కప్పు చేతిలో పట్టుకుని కాఫీ వైపే చూస్తున్నాడు.

ఫరీద్ దగ్గరికొచ్చాడు. "చెమట పడుతున్నదేంది? బయట చలికి పండ్లు గిట్టకరుస్తున్నయ్."

"మెట్లెక్కొచ్చా."

"లిఫ్టు ఉన్నది గదనే. ఒకసారి బీపీ చూపిచ్చుకోరాదు? ఇంతమంది డాక్టర్ల మధ్యన ఉంటిమి."

"గ్యాసులే" అన్నాడు బ్రహ్మయ్య.

ఒక పాపను ఎక్స్‌రేకు తీసుకెళ్లాడు. చెయ్యి విరిగిన బాబును వార్డుకు చేర్చాడు. ఖాళీ మంచాలు రెండు లిఫ్టులో దించాడు. ప్రతి కారిడార్ మలుపులోనూ ఆ నడక కనబడుతోంది. చెబితే ఏమవుతుంది? ఆ అమ్మాయి చీదరించుకుంటుందా? ముసలాయన పిల్లవాడిని అక్కడెందుకు చూశాడంటుందా? అనుకోనీ. ఇట్లా అనుకుని ఫోను తీస్తాడు. ఇంకో పని మోగుతుంది. జేబులో పెట్టేస్తాడు. పని మోగినందుకు లోపల ఎక్కడో కాస్త నెమ్మదిగా ఉంటుంది. అది తెలిసి మళ్లీ మండుతుంది.

పొద్దు బాగా ఎక్కాక, మెట్ల దారిలో ఎవరూ లేనిచోట నిలబడి, ఫోనులో 'కింది అమ్మాయి' అని ఉన్న నంబరు నొక్కాడు.

"చెప్పండి బాబాయ్. ఆముదం రాసిన. కొంచెం కండ్లు మూసిండు. నిద్రల గూడ మూల్గుతున్నడు."

"అమ్మా, నా మాట విను. నువ్వు నా బిడ్డలాంటిదానివి, తప్పుగా అనుకోబాక." గోడ వైపు తిరిగాడు. "వాడికి నొప్పి కడుపులో కాదు. కాళ్ల మధ్య. మగపిల్లలకి లోపల బీజం తాడు మెలిపడినట్టు మెలిపడుద్ది. రక్తం ఆగిపోద్ది. సిగ్గుకి కడుపంటారు. టెర్మిన్ కోసం ఆగబాక. టాక్సీ ఎక్కి ఇక్కడికి రా. రాగానే హోడెన్ అని చెప్పు, ఆ మాట చాలు, వాళ్లు కూచోబెట్టరు."

జర్మన్ మాట నోట్లోంచి సులువుగా వచ్చింది. ఆ మాటకు ఊరు లేదు, అమ్మ లేదు.

 తర్వాత చంద్రిక గొంతు దూరంగా వినబడింది. "ధీరజ్. ధీరజ్, లే నాన్నా. నిజం చెప్పు, అమ్మ ఏమనదు. ఎక్కడ?" కొంచెం సేపటికి పిల్లాడు ఏడ్చాడు. మాట లేదు, ఏడుపే. బ్రహ్మయ్య ఫోను పెట్టేసి అక్కడే మెట్టు మీద కూచున్నాడు. ఎడమ చెయ్యి వేళ్ల దాకా బరువుగా వేలాడుతోంది.

పని ఆయనకే వచ్చింది. అత్యవసర విభాగం నుంచి ఆపరేషన్ గదికి, వెంటనే. ఇంకొకరు దగ్గరలో ఉన్నా ఆయనే ఒప్పుకున్నాడు.

ధీరజ్ మంచం మీద తెల్లగా పాలిపోయి ఉన్నాడు. చేతికి సూది, సెలైన్. స్కాన్ చేసిన కుర్ర డాక్టరు చేతి తొడుగులు విప్పుతూ ముక్కు ఎగబీల్చి చూశాడు. పిల్లాడి పొట్టంతా ఆముదం వాసన. డాక్టరు మళ్లీ మళ్లీ అడిగితే అప్పుడు చెప్పాడట, నొప్పి తెల్లవారుజామున కాదు, నిన్న సాయంత్రం ఫుట్‌బాల్ ప్రాక్టీసు నుంచే మొదలైందని. దిండులో నోరు కుక్కుకుని రాత్రంతా పడుకున్నాడట.

చంద్రిక ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే వచ్చింది. భుజానికి పెద్ద సంచి, అందులో తువ్వాళ్లు, చార్జరు, చేతికందిందల్లా. భర్త విక్రాంత్‌తో ఫోనులో మాట్లాడుతూనే కాగితాల మీద సంతకాలు పెట్టింది.

బ్రహ్మయ్య వెచ్చటి దుప్పటి తెచ్చి పిల్లాడి కాళ్ల మీద కప్పాడు. కమ్మీ పట్టుకున్నాడు. పక్కనే నడిచాడు.

"తాతా" అన్నాడు ధీరజ్. "టూట్ ఎస్ వే?"

"నొప్పి తెలవదు. నిద్రపోతావు. లేచేసరికి అంతా అయిపోద్ది."

"నువ్వు ఉంటవా?"

"ఈ తలుపు దాకా. మళ్లీ ఈ తలుపు దగ్గరే ఉంటా."

లోపల ఫరీద్ మంచాన్ని అందుకున్నాడు. బ్రహ్మయ్యను చూసి, పిల్లాడిని చూసి, నవ్వు మానేశాడు. గాజు తలుపు మూసుకుంది.

ఆ తలుపు అవతలికి బ్రహ్మయ్య ఏనాడూ పోలేదు. కానీ లోపల ఏం జరుగుతుందో ఇన్నేళ్లలో ముక్కలు ముక్కలుగా విని ఉన్నాడు. చిన్న కోత కోస్తారు. మెలిపడ్డ తాడును విప్పుతారు. వెచ్చటి ఉప్పునీళ్లలో తడిపిన గుడ్డల్లో చుట్టి పెట్టి చూస్తారు. నలుపు ఎరుపైతే లోపలి గోడకు కుట్టి నిలబెడతారు. కాకపోతే తీసేస్తారు. అంత పెద్ద గదిలో, అన్ని యంత్రాల మధ్య, అందరూ చేతులు కట్టుకుని ఒక రంగు కోసం ఎదురుచూస్తారు.

చంద్రిక కుర్చీ అంచున కూచుంది. "మీరు ఫోన్ చెయ్యకపోతే పదకొండు దాక కూసునేదాన్ని బాబాయ్. ఆముదం రాసుకుంట. మీరే కాపాడిన్రు."

బ్రహ్మయ్య తన బూట్ల ముక్కుల వైపు చూశాడు. తిట్టినా బాగుండేది. పొద్దున్నే తెలుసు తల్లీ నాకు, అనాలి. ఆ మాటా పొద్దున ఆగినచోటే ఆగింది. "నీళ్లు తెస్తా" అని లేచాడు.

నీళ్లు తెచ్చేసరికి ఫరీద్ తలుపు సందులోంచి తల బయట పెట్టాడు. చంద్రికకు వినబడకుండా అన్నాడు.

"సీదా చేసిన్రు అన్నా. గుడ్డల పెట్టిన్రు. చూస్తున్నరు."

"రంగు?"

ఫరీద్ తల అడ్డంగా ఊపాడు. "ఇంకొంచెం సేపు చూస్తరట. అల్లా చూడాలె."

బ్రహ్మయ్య గోడకు ఆనుకున్నాడు. చెమట వీపు మీద సన్నగా జారింది. లోపల గుడ్డల్లో ఉన్నది ధీరజ్‌దో, తనదో, ఆ కాసేపు ఆయనకు వేరుగా అనిపించలేదు. రా, రా, అని మనసులో అన్నాడు, ఈనుతున్న గొడ్డు దగ్గర నిలబడి అన్నట్టు. రంగు రా.

రాలేదు.

సర్జన్ పొట్టి జుట్టున్న పెద్దావిడ. టోపీ తీసి చేతిలో నలుపుతూ వచ్చి, చంద్రిక పక్క కుర్చీలో కూచుని ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది. ఒకవైపుది తీసేయాల్సి వచ్చింది. రెండోది బాగుంది. అది ఎప్పటికీ మెలిపడకుండా కుట్లు వేసి నిలబెట్టాం. పెద్దయ్యాక కావాలంటే కృత్రిమంగా ఒకటి పెట్టించుకోవచ్చు.

"ముందే వస్తే?" అంది చంద్రిక.

"కొన్ని గంటల ముందైతే, బహుశా. ఖాయంగా చెప్పలేను. మీ తప్పు కాదిది. ఈ వయసు పిల్లలు దాస్తారు." ఆమె చంద్రిక మోచేతి మీద చెయ్యి వేసింది. "ఒకటి చాలు. మీ అబ్బాయి మామూలుగా పెరుగుతాడు. తండ్రి అవుతాడు. ఇది అతనికి మీరు చెప్పాలి, నేను చెబుతాను, ఎన్నిసార్లయినా."

ఒకటి చాలు. బ్రహ్మయ్య ఈ మాట ఇదే కారిడార్‌లో ఇంతకుముందొకసారి విన్నాడు. ఏదో మంచం లాక్కుపోతుంటే, వేరే పిల్లాడి తండ్రితో వేరే డాక్టరు అంటున్నాడు. అప్పటికి ఆయనకు యాభై దాటి చాలా రోజులైంది. మంచం ఆపేశాడు. వెనక వస్తున్న నర్సు చక్రం ఇరుక్కుందా అని అడిగింది. లేదని తోసుకుపోయాడు. ఆ సాయంత్రం ఇంటికి పోయి అన్నం వండాడు, తిన్నాడు, గిన్నె కడిగాడు. తర్వాత కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని చీకట్లో కూచుని, మంగ విస్తట్లో పప్పు వడ్డించిన క్షణాన్ని మళ్లీ వడ్డించుకున్నాడు. గరిటె దించి, మంగా, అని పిలిచినట్టు. ఎవరి మీదా కోపం రాలేదు. నాన్న మీద కూడా రాలేదు. తనకేం చెప్పారో సగమే అర్థమైన రైతు ఆయన. కోపం రాకపోవడమే ఆ రాత్రి భరించలేకపోయాడు.

ఇప్పుడు ఆయనకు వినబడింది ఆ మాట కాదు. కొన్ని గంటల ముందైతే బహుశా, అని సర్జన్ అన్నది.

డ్యూటీ దిగాక బట్టలు మార్చుకుని ఇంటికి పోకుండా పై వార్డుకు వెళ్లాడు. లిఫ్టు ఎక్కాడు. చంద్రిక లేచి కుర్చీ ఇచ్చింది.

"కూచోండి బాబాయ్, ముఖమంతా పీక్కపోయింది. నేను విక్రాంత్‌తోని మాట్లాడొస్త. రైలెక్కిండట."

కిటికీ పక్కన మంచం. కింద రేడియేటర్ వేడి. ధీరజ్ కళ్లు తెరిచే ఉన్నాడు. పెదాలు ఎండి ఉన్నాయి. బ్రహ్మయ్య స్పాంజి పుల్ల నీళ్లలో ముంచి పెదాలకు అద్దాడు.

"తాతా, నువ్వు చెప్పినవంట మమ్మీకి. నీకెట్ల తెలుసు?"

బ్రహ్మయ్య తలుపు వైపు చూశాడు. మూసి ఉంది.

"నాకూ తీసేశారు. నీ అంతున్నప్పుడు."

పిల్లాడు తల తిప్పి ఆయన్ని పైనుంచి కిందికి చూశాడు, మొదటిసారి చూస్తున్నట్టు. "ఎఖ్ట్?"

"నిజం."

"ఎవరికి చెప్పినవు?"

"నీకే."

వాడు పైకి చూశాడు. సెలైన్ చుక్కలు పడుతున్నాయి. తర్వాత, పిల్లలు మాత్రమే అడగగలిగినట్టు, సూటిగా అడిగాడు.

"నీకు పిల్లల్లేరు గదా. దానివల్లనా?"

బ్రహ్మయ్య అరచేతులు మోకాళ్ల మీద పెట్టుకుని వాటిని చూసుకున్నాడు. ఇంత పెద్ద చేతులు.

"కాదు" అన్నాడు. "దానివల్ల కాదు. ఒకటి చాలని నాకు ఎవరూ చెప్పలా. అందువల్ల."

"నాకు డాక్టర్ చెప్పింది."

"చెప్పింది కదా. ఇక నీకేం కాదు. రేపు ఎవడన్నా వేరేగా కూస్తే నవ్వి పక్కకి పో."

"ఫుట్‌బాల్?"

"కుట్లు మానినాక ఆడుకో. తన్నేటప్పుడు కాస్త చూసి తన్ను."

ధీరజ్ నవ్వబోయాడు. నవ్వితే నొప్పి పుట్టింది కాబోలు, ముఖం ముడిచాడు. "క్లాసుల చెప్పాల్నా, వద్దా?"

"నీ ఇష్టం. నేను చెప్పకుండా దాచా. దాచి ఏం సంపాదించానంటే," అని ఆగాడు. వెతికాడు. "ఏం లేదు."

పిల్లాడు చెయ్యి దుప్పటి బయటికి తీసి ఆయన మోచేతి మీది నున్నటి చర్మాన్ని వేలితో తడిమాడు. ఇదేంటని అడుగుతాడేమో అనుకున్నాడు బ్రహ్మయ్య. అడగలేదు. వేలు అట్లాగే ఉండగా నిద్రలోకి జారాడు. ఆయన చెయ్యి కదపలేదు. భుజం కింద పట్టేసినది ఇప్పుడు ఛాతీ మీదికి పాకి, అక్కడ బరువుగా కూచుంది. నర్సును పిలిచే బొత్తాం మంచం కమ్మీకే వేలాడుతోంది, చెయ్యి చాస్తే అందేంత దూరంలో. పిల్లాడు లేస్తాడేమో. అయినా ఈ మాత్రానికి పిలవడమేంటి? వాము ఉందేమోనని బరువెక్కిన ఎడమ చేత్తో జేబు తడుముకున్నాడు. తల వెనక్కి గోడకు ఆనించాడు. కిటికీ బయట మంచు మళ్లీ దిగుతోంది.

చంద్రిక తిరిగొచ్చేసరికి ఇద్దరూ నిద్రపోతున్నారు. పొద్దుటి నుంచి మంచాలు తోసిన మనిషి, అలిసిపోయాడనుకుంది. కారిడార్‌లో బీరువా నుంచి వెచ్చటి దుప్పటి ఒకటి అడిగి తెచ్చి ఆయన ఛాతీ దాకా కప్పింది. తువ్వాళ్ల కోసం సంచిలో చెయ్యి పెడితే ఆముదం సీసా తగిలింది. తెల్లారి కంగారులో అదీ సంచిలోనే వేసుకొచ్చినట్టుంది. మరిచిపోకుండా తీసుకెళతాడని ఆయన పక్కన కిటికీ గట్టు మీద పెట్టింది. మంచానికి అటువైపు కూచుని, కొడుకు పాదాల మీద తల వాల్చి తానూ కళ్లు మూసింది.

బయట చీకటి పడ్డాక ఫరీద్ వచ్చాడు. టోపీ లేదు, చేతిలో రెండు టీ కప్పులు. చంద్రిక తలెత్తి పెదాల మీద వేలు పెట్టింది.

"పండుకున్నరు. లేపకండి."

ఫరీద్ నిలబడి చూశాడు. అతను చూసింది ముఖం కాదు, ఛాతీ మీద కదలని దుప్పటిని. చాలాసేపు చూశాడు. కప్పులు కింద పెట్టి, దగ్గరికి పోయి, రోజూ పనిలో పెట్టినట్టే మెడ పక్కన రెండు వేళ్లు పెట్టాడు. చర్మం అప్పటికే చల్లబడింది. చేయడానికి ఏమీ మిగల్లేదని వేళ్లకు ముందే తెలిసింది. అయినా కాసేపు తీయలేదు. పిల్లాడి వేలిని ఆ మోచేతి మీంచి మెల్లగా ఎత్తి దుప్పటి లోపల పెట్టాడు.

"చంద్రికా" అన్నాడు గుసగుసగా. "జర బయటికి రామ్మా."

ఇద్దరూ బయటికి నడిచారు. గట్టు మీద సీసా అట్లాగే ఉంది. చలికి చిక్కబడిన ఆముదం రేడియేటర్ వేడికి పలచబడింది. సరిగా బిగించని మూత కింది నుంచి నల్లటి చుక్క ఒకటి జారి, రబ్బరు బ్యాండు దాటి, సీసా మెడ మీద ఆగింది.